గుచ్చిన ప్రతిసారీ ముంచండి

మా ఆయన జేబులో పెన్ను ఉండదు కానీ చేతిలో ఒక ఇనుప గొట్టం ఎప్పుడూ ఉంటుంది. మూరకు కాస్త తక్కువ పొడుగు, ఒక కొస వాడి, లోపలంతా బోలు. దాన్ని వడ్ల బస్తాలో పొడిస్తే లోపలి గింజలు జారి అరచేతిలోకి వస్తాయి. గింజను పంటి కింద పెట్టి కొరికి తేమ ఎంతుందో చెప్తాడు. బస్తా మూతి దగ్గర మంచి వడ్లు పోసి నడుమ తాలు దాచే పెద్దమనుషులు ఈ లోకంలో చాలామంది ఉన్నారని ఆయన గట్టి నమ్మకం. అందుకే ఒకచోట గుచ్చి ఊరుకోడు. పైన, కింద, పక్కన, అన్నిచోట్లా గుచ్చుతాడు. గుచ్చిన ప్రతిసారీ గొట్టాన్ని పంచెకు తుడుస్తాడు. ఆ పంచెలు ఉతికేది నేను.

మా పొలం సిరుగుప్ప దగ్గర క్యాంపులో. కోస్తా నుంచి వచ్చి కాలవ కింద భూములు కొనుక్కుని స్థిరపడిన వాళ్ళ ఊళ్ళను ఇక్కడ క్యాంపులంటారు. మా మామగారి తరం అలా వచ్చింది. నేను మాత్రం బళ్ళారి తెలుగుదాన్ని, మావాళ్ళు ఎప్పట్నుంచి ఇక్కడున్నారో అడిగితే చెప్పే మనిషి కూడా మిగల్లేదు. పిల్లల చదువులకని బళ్ళారి సత్యనారాయణపేటలో ఇల్లు తీసుకున్నాం. మా ఆయన పొద్దున బస్సెక్కి సిరుగుప్ప పోతాడు, పొలం చూసుకుని, రైతుల వడ్లు మిల్లులకు కుదిర్చి, సాయంత్రానికి ఊకదుమ్ముతో దిగుతాడు.

కొన్నాళ్ళుగా ఆయన బస్సు ఎక్కే ముందు ఒకసారి, దిగగానే ఒకసారి గోడ వెతుక్కుంటున్నాడు. నేను చూసీ చూడనట్టు ఊరుకునే రకం కాదు. రక్తపరీక్ష చేయించాను. ప్రోస్టేట్ గ్రంథికి సంబంధించిన అంకె ఏదో ఉండాల్సినదానికంటే ఎక్కువుందని తేలింది. యూరాలజీ డాక్టరు స్కాన్ కూడా చూసి, గ్రంథిలోంచి సూదితో చిన్న చిన్న ముక్కలు తీసి పరీక్షకు పంపాలన్నాడు. ఒకచోట కాదు, పదీపన్నెండు చోట్ల.

"ఒక్కచోట తీస్తే చాలదా సార్?" అని నేనడిగాను.

డాక్టరు నోరు తెరిచేలోపే మా ఆయన అన్నాడు. "యాడ చాలుతాది? రోగం యా మూలన ఉండాదో."

అంటే ఆయనకు విషయం పూర్తిగా అర్థమైంది. అర్థమైన మనిషి ఒప్పుకోవాలి గదా. బయటికొచ్చి మెట్లు దిగుతూ, "నాకొద్దు," అన్నాడు. "మా అన్నకు ఏమయిందో చూసినావు గదా."

మా బావగారి సంగతి చెప్పకపోతే ఈ కథ ముందుకు సాగదు. మా ఆయనకు ఒక్కడే అన్న, క్యాంపులోనే ఉంటాడు, మా పొలం పక్క పొలమే ఆయనది. కొన్నేళ్ళ కింద ఆయనకూ ఇదే అనుమానం వస్తే వేరే ఊళ్ళో ఇదే సూది పరీక్ష చేయించుకున్నాడు. రోగం లేదని తేలింది. కానీ ఆ తేలేలోపు మనిషి పోయినంత పనైంది. పరీక్ష అయిన సాయంత్రానికి చలిజ్వరం, మర్నాటికి కళ్ళు తేలేయడం, బళ్ళారికి తెచ్చి పడేస్తే రోజుల తరబడి గాజు తలుపుల వెనక. బతికాడు. మూత్రపిండాలు మాత్రం అప్పట్నుంచీ అంతంత మాత్రమే. అప్పట్నుంచీ ఇంట్లో ఎవరు డాక్టరు పేరెత్తినా ఆయన ఒకటే మాట.

"నాకు రోగం లేదని తేల్చేదానికి నా ప్రాణం తీయబోయినారు."

మాట బాగుంటుంది. పదిమందిలో చెప్తే పదిమందీ తలూపుతారు. నాకు మాత్రం ఎప్పుడూ ఒళ్ళు మండేది, ఎందుకంటే ఆ కథలో రెండు ముక్కలు ఆయన చెప్పడు, వినేవాళ్ళు అడగరు.

మొదటిది, ఆ రోజే ఆయన నీళ్ళ వంతు. మా క్యాంపు కాలవ తోకలో ఉంది. పైవాళ్ళు తాగి వదిలిందే మాకు. వంతు ప్రకారం నీళ్ళు వచ్చిన పూట మడికి మళ్ళించుకోకపోతే మళ్ళీ వంతు వచ్చేదాకా పైరు ఆకాశం చూడాల్సిందే. తన వంతు తన చేత్తోనే మళ్ళించుకోవాలనేది మావాళ్ళకు శాస్త్రం కంటే ఎక్కువ. నీళ్ళ దగ్గర కన్నతండ్రిని కూడా నమ్మరు. బావగారు పొద్దున సూది వేయించుకుని, మధ్యాహ్నం బస్సెక్కి, సాయంత్రానికి మోకాలి లోతు కాలవలో నిలబడ్డాడు. వణుకు వస్తే, నీళ్ళలో నిలబడితే వణుకు రాక ఏమొస్తుందనుకున్నాడు.

రెండోది, బిస్కెట్ల డబ్బా. క్యాంపు ఇంట్లో దేవుడి గూటి కింద ఒక పాత రేకు డబ్బా ఉంటుంది. ఇంట్లో ఎవరికి ఏ జబ్బు చేసినా తినగా మిగిలిన బిళ్ళలన్నీ దాంట్లోకే. కడుపు చెడినా, గొంతు పట్టినా, కూలీకి కాలు చీము పట్టినా ఆ డబ్బాలోంచే. రెండు బిళ్ళలు మింగుతారు, కాస్త తెరిపిస్తుంది, మిగతావి మళ్ళీ డబ్బాలో పడతాయి. నేను కాపురానికి వచ్చిన కొత్తలో దాన్ని ఊడ్చి పారేస్తే అత్తగారు మూడు పూటలు నాతో మాట్లాడలేదు. ఆ సాయంత్రం బావగారు ఒక బిళ్ళ మింగి, దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. తెల్లారేదాకా ఎవరికీ చెప్పలేదు.

మా ఆయనకు పరీక్ష వద్దని నచ్చజెప్పడానికి బావగారు పనిగట్టుకుని బళ్ళారి వచ్చాడు. మంచి సమయం దొరికింది, నేనూ ఊరుకోలేదు.

"బావా, మిమ్మల్ని చంపబోయింది సూది ఒకటే కాదు. నీళ్ళ వంతు కూడా. ఆ డబ్బా కూడా."

"ఏమ్మా, నా పొలం నన్ను చంపిందంటావా?"

"పొలం సుమ్నే, దాని పాటికి అది ఉండాది. మీరే పోయి దాంట్లో నిలబడినారు. జ్వరమొస్తే వెంటనే రమ్మని ఆస్పత్రోళ్ళు చెప్పలేదా?"

"చెప్పినారు. అందరికీ చెప్తారు. బస్సులో కండక్టరు ముందుకు జరగమని చెప్పల్యా? జరుగుతామా?"

మా ఆయన నవ్వాడు. అన్నదమ్ములిద్దరూ నవ్వుకున్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. నవ్వులాటలోనే పరీక్ష వాయిదా పడిపోతుందని నాకు తెలుసు, మా ఇంట్లో పనులన్నీ అలాగే వాయిదా పడతాయి. రోగం ఉందో లేదో తెలియకుండా పడుకోవడం, లేవడం. ఆయన రాత్రుళ్ళు లేచినప్పుడల్లా నేనూ లేచేదాన్ని. పొద్దున వంట చేస్తుంటే గరిటె చేతిలో ఉండగానే కళ్ళు మూతలు పడేవి.

చివరికి ఆయన్ని కదిలించింది నా వాదన కాదు, నా మౌనం. వారం పాటు ఆ విషయం ఎత్తలేదు. ఎనిమిదో రోజో ఏమో ఆయనే అన్నాడు. "ఏమ్మే, అరవడం మానేసినావు? నాకు భయమైతాంది. పోదాం పా."

రెండోసారి డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు నేను ఒకటి నిశ్చయించుకున్నాను. బావగారికి జ్వరం ఎందుకొచ్చిందో మొదలంటా అడగాలి. సిగ్గుపడే పని మా ఆయనకు వదిలేశాను. ఆయన ఈ పరీక్షను బయటి వాళ్ళకు "నడుము టెస్టు" అని చెప్తున్నాడు.

డాక్టరు కన్నడిగ, తెలుగు బాగానే మాట్లాడతాడు. చేతులతో బొమ్మలా చూపించాడు. గ్రంథి లోపల ఎక్కడో ఉంటుంది, దాన్ని చేరడానికి దగ్గరి దారి మలద్వారం. స్కాన్ గొట్టం అక్కడ పెట్టి, పేగు గోడలోంచి సూదిని గ్రంథిలోకి పంపుతారు. పేగులో కోట్ల క్రిములుంటాయి, అక్కడ ఉన్నంతసేపూ అవి మంచివే. సూది మొనకు అంటుకుని గ్రంథిలోకి, అక్కణ్ణుంచి రక్తంలోకి పోతేనే ప్రాణం మీదికొస్తుంది. తొడల మధ్య చర్మంలోంచి గుచ్చే పద్ధతి కూడా ఉంది, దాంట్లో ఈ బెడద తక్కువ, కానీ ఇక్కడ ఆ ఏర్పాటు లేదు, బెంగళూరు పోవాలి.

"బెంగళూరు వద్దు," అన్నాడు మా ఆయన. "పైరు పొట్టకొచ్చే టైము."

డాక్టరు కాగితం మీద పెన్ను పెట్టి అడిగాడు. "ఈమధ్య యాంటీబయాటిక్ ఏమైనా తిన్నారా?"

"ల్యా సార్. బీపీ బిళ్ళ ఒకటే."

నేను ఆయన వైపు తిరిగాను. "ఏమప్పా, పోయిన నెల కడుపు చెడినప్పుడు ఏం మింగినావు?"

"అది మందా? కడుపుకు వేసుకునేది."

"అంతకుముందు గొంతు నొప్పికి?"

"అది డబ్బాలోది."

డాక్టరు డబ్బా ఏమిటన్నాడు. చెప్పాను. ఆయన పెన్ను కింద పెట్టేశాడు. అబద్ధం చెప్పాడని మా ఆయన్ని తిట్టబోయాను గానీ, నిజానికి అది అబద్ధం కాదు. మా క్యాంపులో మందు అంటే డాక్టరు రాసిచ్చి, కడదాకా తినమని చెప్పేది. డబ్బాలో ఉండేది మందు కాదు, ఇంటి సరుకు. ఉప్పూ చింతపండూ తిన్నావా అని ఎవరైనా అడుగుతారా?

"నోడ్రి, చూడండమ్మా," అన్నాడు డాక్టరు, "రెండు బిళ్ళలు తిని ఆపేస్తే మెత్తని క్రిములు చస్తాయి, మొండివి మిగుల్తాయి. అవే పెరుగుతాయి. ఇప్పుడు మేము పరీక్షకు ముందు ఇచ్చే బిళ్ళ వీళ్ళకు పని చేస్తుందో లేదో ముందే చూడాలి." మలద్వారం నుంచి దూదిపుల్లతో నమూనా తీసి పంపారు. నాలుగు రోజులకు రిపోర్టు వస్తే మళ్ళీ పోయి డాక్టరు ముందు కూర్చున్నాం. మామూలుగా అందరికీ ఇచ్చే బిళ్ళ మా ఆయన కడుపులోని క్రిములకు పిప్పరమెంటుతో సమానమట. వేరే ఇంజెక్షన్ ఇస్తామన్నారు.

అప్పట్లో పరీక్షకు ముందు బావగారికి ఇచ్చిన బిళ్ళ కూడా పిప్పరమెంటే అయ్యుంటుంది. అదే ఇల్లు, అదే డబ్బా.

"సార్, ఇంకొక మాట," అన్నాను. డాక్టరు గడియారం చూసుకున్నాడు. చూసుకోనీ అనుకున్నాను. "సూది కొత్తదే గదా?"

"ఒక్కొక్క పేషెంటుకు ఒక కొత్త సూది. ప్యాకెట్ మీ ముందరే తెరుస్తాం."

"మనిషికి ఒకటి, సరే. గుచ్చుకు ఒకటా?"

"కాదమ్మా. అన్నిటికీ అదే సూది."

"మరి మొదటిసారి పేగులోంచి బయటికొచ్చినప్పుడు దానికి అంటింది రెండోసారి లోపలికే పోతాది గదా?"

అప్పటిదాకా గోడ మీది క్యాలెండరు చూస్తున్న మా ఆయన ఒక్కసారిగా ముందుకు వంగాడు. "తుడవకుండా గుచ్చుతారా సార్? పురుగు బస్తాలో పొడిచిన గొట్టాన్ని తుడవకుండా మంచి బస్తాలో పొడిస్తే పురుగు దాటుతాది. మేము వడ్లకే చేయము ఆ పని."

డాక్టరు నవ్వి, తుడిస్తే పోయేవి కావవి అన్నాడు. తీసిన ముక్కను వెయ్యడానికి పక్కనే ఫార్మలిన్ డబ్బీలు ఉంటాయట. ముక్కను దాంట్లో దులిపాక, సూది మొనను ఫార్మలిన్‌లో ముంచి, సెలైన్‌లో ఆడించి, అప్పుడు మళ్ళీ గుచ్చే డాక్టర్లు ఉన్నారట. అలా చేసినచోట జ్వరాలు తగ్గాయని చెప్తున్నారట. పైసా ఖర్చు లేని పని.

"మీరు ముంచుతారా?"

"కొన్నిసార్లు. అందరికీ చేయాలని రూలేమీ లేదు."

"చేయకూడదని రూలుందా?"

ఆయన నన్ను నిదానంగా చూశాడు. "లేదు."

"అయితే ముంచండి సార్. గుచ్చిన ప్రతిసారీ ముంచండి."

ఫార్మలిన్ అంటే ఏమిటో నాకు తెలుసు. డిగ్రీలో నాది జువాలజీ. గాజు సీసాల్లో కప్పలు, పాములు, ఏవేవో తెల్లబారి తేలుతుండేవి. ప్రాక్టికల్స్ రోజున ఎంత సబ్బు పెట్టినా వేళ్ళకు ఆ వాసన వదిలేది కాదు, టిఫిన్ డబ్బాలో చిత్రాన్నం కూడా అదే వాసన వేసేది. క్రిమి అనేది దాంట్లో బతకదు. అలాంటిది ఒంట్లోకి పోతే అని కూడా అడిగాను. మొనకు అంటేది అణువంత, అదీ కడిగాకే అన్నాడు. ఇంకా ఆయన చెప్పింది ఒకటుంది, అది నాకు నచ్చింది. "అయోడిన్‌తో లోపల శుభ్రం చేస్తాం, సరైన ఇంజెక్షన్ ఇస్తాం, సూది ముంచుతాం. ఇన్ని చేసినా జ్వరం రాదని మాత్రం నేను రాసివ్వనమ్మా. చలి వచ్చినా, జ్వరం వచ్చినా ఏ పూటైనా సరే రావాలి. ఇంట్లో బిళ్ళ వేసుకోకూడదు." ఆఖరి మాట మా ఆయన వైపు చూసి అన్నాడు.

పరీక్ష రోజున నన్ను లోపలికి రానివ్వలేదు. బయట ఇనప కుర్చీలో కూర్చున్నాను. ఎదురుగా గోడ మీద చేతులు కడుక్కునే విధానం బొమ్మలుగా అంటించి ఉంది, కింద కొళాయి ఉంది, కొళాయిలో నీళ్ళు లేవు. దీని మీద ఎవరితోనైనా పోట్లాడదామని చూశాను. ఎవరూ లేరు. ఓపిక కూడా లేదు. తలుపు వెనక నుంచి టక్కు, టక్కు మని చప్పుడు, గోడకు మేకు కొట్టే తుపాకీలాగా. ప్రతి టక్కుకీ నా భుజాలు పైకి లేచేవి. రెండు టక్కుల మధ్య సందు ఉందా లేదా అని చెవులు రిక్కించి విన్నాను. ఉంది. ఆ సందులో ముంచుతున్నారని నాకు నేనే చెప్పుకున్నాను, చెప్పుకోక చేసేదేముంది.

సిస్టరు డబ్బీలున్న ట్రే పట్టుకుని బయటికొచ్చింది. ఆమె నన్ను దాటకముందే వాసన నన్ను దాటింది. కాలేజీ ల్యాబు కళ్ళ ముందు తెరుచుకున్నట్టయింది. జీవితంలో మొదటిసారి ఆ కంపు నాకు ఇష్టంగా అనిపించింది.

"సిస్టర్, సూది ముంచినారా?"

"అయ్యో, ముంచినామమ్మా!" అంది ఆమె చిరాగ్గా. "గోడకు తిరిగి పడుకున్న మనిషి, ప్రతిసారీ 'ముంచినారా, ముంచినారా' అని అడుగుతానే ఉండాడు మీ ఆయన. డాక్టరుకే నవ్వొచ్చి చెయ్యి ఆపుకోవలసి వచ్చింది."

ఆటోలో ఆయన ఒక పక్కకు ఒరిగి కూర్చున్నాడు. గతుకు వచ్చినప్పుడల్లా పళ్ళు బిగించాడు. "నొప్పా?" అంటే, "నొప్పి కంటే మర్యాద పోయింది ఎక్కువ," అన్నాడు. మూత్రంలో కాస్త ఎరుపు కనిపిస్తుందని ముందే చెప్పారు, కనిపించింది, ఇద్దరం చూసి ఏమీ అనుకోలేదు. ఆ రాత్రి గడిచింది. థర్మామీటరు నా దిండు కిందే ఉంది.

మర్నాడు మధ్యాహ్నం బావగారి ఫోను. కాలవకు నీళ్ళు వదిలారు. మా వంతు రేపు పొద్దున.

ఫోను పెట్టేసి మా ఆయన చొక్కా వెతకడం మొదలుపెట్టాడు. నేను ఆయన చెప్పులు తీసి బీరువాలో పెట్టి తాళం వేశాను.

"ఏమ్మే, ఇదేం ఆట? సాయంత్రం బస్సుకు పోయి రేపటికి వచ్చేస్తా."

"ఏ పూటైనా రావాలని డాక్టరు చెప్పింది వినలేదా? క్యాంపు నుంచి యాడొస్తావు?"

"నీళ్ళలో దిగను. గట్టు మీద కూర్చుంటా."

"మీ అన్న కూడా గట్టు మీద కూర్చునేదానికే పోయినాడు."

ఆయన మంచం అంచున కూలబడ్డాడు. "పైరు పొట్ట మీదుండాది. ఈ తడి తప్పితే తాలే."

అది నిజం. నేను పొలం దానిని కాకపోయినా ఇన్నేళ్ళలో ఆ మాత్రం తెలుసు. వెన్ను తీసే వేళ నీళ్ళు తప్పితే ఏమవుతుందో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"బావను మళ్ళించమందాం."

ఆయన నా వైపు అలా చూశాడు, నేనేదో తప్పుడు మాట అన్నట్టు. "వాడా? వాని మడి నిండినాకనే నా మడికి వదుల్తాడు. నేనైనా అదే చేస్తా."

"నింపుకోనీ. మడి ఎండితే వచ్చే పంట కారుకు మళ్ళీ నాటుకుంటావు. నిన్ను యాడ నాటాల?"

నేనే ఫోను చేశాను. బావగారి వెనక కాలవ నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది. "వాడు నన్ను అడగమన్నాడా, నువ్వే అడుగుతాండావా?" అన్నాడు.

"నేనే అడుగుతాండా బావా."

"సరేమ్మా," అని పెట్టేశాడు.

ఆ మర్నాడు పొద్దు వాలే వేళ మా ఆయన ముసుగు తన్ని పడుకున్నాడు. "చలిగా ఉండాది. ఒక బిళ్ళ ఉంటే చూడు," అన్నాడు. అంత మామూలుగా అన్నాడు. నేను బిళ్ళ వెతకలేదు. థర్మామీటరు పెట్టాను, మామూలుగానే చూపించింది. దులిపి, మళ్ళీ పెట్టాను. మామూలే. నమ్మలేదు. ఆస్పత్రికి ఫోను చేస్తే తీసుకురమ్మన్నారు. ఆటో పిలిచాను. ఆయన గొణుగుతూనే ఎక్కాడు. రక్తం తీశారు, నాడి చూశారు, బీపీ చూశారు, పడుకోబెట్టి కాసేపు గమనించారు.

"తలస్నానం ఎప్పుడు చేశారు?" అని అక్కడి డాక్టరమ్మ అడిగింది, ఆయన జుట్టు తడి చూసి.

ఆయన నా వైపు చూడకుండా చెప్పాడు. ఆ గదిలో పదిమంది ముందు అట్లా పడుకున్నప్పట్నుంచీ ఒళ్ళు మైలపడినట్టుందట. నేను కూరగాయలకు పోయినప్పుడు, వేడినీళ్ళు పెట్టుకుంటే నాకు తెలుస్తుందని, చన్నీళ్ళు తల మీంచి బిందెలు బిందెలు పోసుకున్నాడట.

రక్తపరీక్షలో ఏమీ లేదు. ఇంటికి పంపేశారు. "అనవసరంగా పరిగెత్తించినావు," అన్నాడు ఆటోలో. అనవసరంగా పోయొచ్చిన ఆస్పత్రి కంటే మంచి ఆస్పత్రి ఈ భూమ్మీద లేదని నా అభిప్రాయం. ఆ మాట అనే ఓపిక కూడా లేక ఆయన భుజం మీద తల వాల్చాను. ఆటో అద్దంలో డ్రైవరు చూస్తున్నాడు. చూడనీ.

జ్వరం రాలేదు. ఆ రోజూ, ఆ తర్వాతా రాలేదు. ముంచినందుకా, ఇంజెక్షనుకా, అదృష్టానికా అంటే నేను డాక్టరును కాను, చెప్పలేను. అన్నీ కలిసే అయ్యుంటుంది. ముక్కల రిపోర్టు వచ్చింది. ఒకటి రెండు ముక్కల్లో క్యాన్సరు ఉంది, మిగతావాటిలో లేదు. నెమ్మదిగా పెరిగే రకమట, ఇప్పుడే కోయనక్కర్లేదట, కనిపెట్టుకుని ఉండాలట. అంటే మళ్ళీ మళ్ళీ రక్తపరీక్షలు, కొన్నాళ్ళకు మళ్ళీ సూది. మా ఆయన దీన్ని మంచి వార్తగా తీసుకున్నాడు, మంచిదే. నేను మాత్రం మళ్ళీ ఆ ఇనప కుర్చీ, ఆ నీళ్ళు రాని కొళాయి తల్చుకుని నిట్టూర్చాను.

ఆ ఆదివారం బావగారు వచ్చాడు. పొలం గట్టు మీది గోంగూర ఒక కట్ట తెచ్చాడు. తమ్ముడి ఎదురుగా కూర్చుని పైరు సంగతి చెప్పాడు. "నీ మడికే ముందు పెట్టినా," అన్నాడు గోంగూర కట్ట విప్పుతూ. "అది నిండినాకనే నాది." మా ఆయన లేచి బాత్రూమ్‌కు పోయాడు. ఈసారి మూత్రం కోసం కాదనుకుంటాను.

ఆయన పోగానే బావగారు గొంతు తగ్గించాడు. ఆ జ్వరం తర్వాత ఇన్నేళ్ళలో ఆయన రక్తపరీక్ష కూడా చేయించుకోలేదని నాకు తెలుసు. రాత్రుళ్ళు ఎన్నిసార్లు లేస్తాడో కూడా ఆయన భార్య, మా తోడికోడలు అక్క, చెప్తుంటుంది.

"ఏమ్మా, ఆ సూదిని ముంచేది నిజమేనా? వీడు ఏదో చెప్తాండాడు."

"నిజమే బావా."

"నువ్వు కండ్లతో చూసినావా?"

"చూడలేదు. వాసన చూసినా."

ఆయన గోంగూర ఆకులు కోసి పళ్ళెంలో వేస్తున్నాడు, కాడలు పక్కన పెడుతున్నాడు, ఆడవాళ్ళలాగా పద్ధతిగా. "నాకూ అట్లనే చేస్తారా? నా బాడీ వేరే గదా. మూత్రపిండాలు..."

"అవన్నీ ముందే చెప్పాల. అడుగుతారు. ముందు రక్తపరీక్షే, సూది తర్వాత మాట."

"ఎప్పుడు రావాల?"

నాకు ఒక్కసారిగా నడుం విరిగినంత అలసట వచ్చింది. మళ్ళీ ఆటో, మళ్ళీ చీటీ, మళ్ళీ గడియారం చూసుకునే డాక్టరు, మళ్ళీ మొదట్నుంచీ ఆ వాదనంతా. ఈ ఇంట్లో మగవాళ్ళందరి వెనకదారికీ నేనే కాపలా.

"బుధవారం పొద్దున బస్సుకు రండి," అన్నాను. "నీళ్ళ వంతు లేని రోజు చూసుకోని. వచ్చేటప్పుడు ఆ డబ్బా కూడా తీసుకోని రండి."

"డబ్బా ఎందుకమ్మా? నేను మందులేం తినను గదా."

"అందుకే బావా," అని గోంగూర పళ్ళెం అందుకున్నాను.